చింతకు ఒక వేళ: ఎనిమిది వారాల డైరీ

జూన్ 8. మొదలుపెట్టే ముందు

ఏడాదిగా తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వస్తోంది. కళ్లు తెరిచేసరికే గుండె దడదడలాడుతూ ఉంటుంది. వెనకాలే ఆలోచనలు వరస కడతాయి. ఆఫీసులో ఎవరెవరి రిటర్నులు మిగిలిపోయాయి, అమ్మాయికి సీటు ఎక్కడ వస్తుంది, అత్తయ్య మోకాళ్లు ఆపరేషన్ దాకా వెళతాయా, ఇంటి అప్పు ఇంకా ఎన్నేళ్లు. ఆ చీకట్లో ఏ ఒక్కదానికీ నేను చేయగలిగింది లేదు. అయినా పాల ప్యాకెట్లు వచ్చే ఐదున్నర దాకా ఒకదాని తర్వాత ఒకటి నెమరు వేస్తూనే ఉంటాను.

రాజమహేంద్రవరంలో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు చూస్తాను. వయసు నలభై మూడు. దడ సంగతి చెప్పగానే డాక్టరు ఈసీజీ తీయించారు, థైరాయిడ్ పరీక్ష, రక్తపరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఈ మెట్టు దాటకుండా ఎవరూ "ఇది మనసు సంగతే" అని తేల్చుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి.

ఆ తర్వాతే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆందోళన ఎంత ఉందో కొలిచే ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఆవిడ ఇచ్చారు. పేరు జీఏడీ-7, 2006లో రాబర్ట్ స్పిట్జర్, ఆయన సహచరులు తయారుచేసినది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా అనిపించింది, చింతను ఆపుకోలేకపోయారా, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయారా అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 21. ఐదు నుంచి స్వల్పం, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. నాకు 13 వచ్చింది.

మా ఊరి పక్కన ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు ఆ అంకెలు వినగానే నది మధ్యలోని ఏ లంకవాళ్లు సామాను సర్దుకోవాలో, ఎవరు ఇంకా ఆగవచ్చో తెలిసిపోతుంది. నా 13ను కూడా అలాగే చూడాలని అనుకున్నాను. మట్టం ఎంతో తెలిస్తే ఏం చేయాలో ఆలోచించవచ్చు.

ఇప్పుడు నేను మొదలుపెట్టబోయే పద్ధతి సంగతి. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన థామస్ బోర్కొవెక్ బృందం 1983లో ప్రకటించిన పద్ధతి ఇది. చింతించడానికి రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట పెట్టుకోవాలి. మిగతా రోజంతా చింత మొదలైన క్షణాన్ని పట్టుకోవాలి. పట్టుకోగానే దాన్ని ఆ వేళకు వాయిదా వేసి, కళ్ల ముందున్న పని మీదికి మనసు తిప్పుకోవాలి. వేళ వచ్చాక కూర్చుని నిజంగానే చింతించాలి, దారి దొరికితే వెతకాలి. మంచం మీద, వంటగదిలో, బస్సులో ఎక్కడ పడితే అక్కడ చింతిస్తూ ఉంటే కొన్నాళ్లకు ఆ చోట్లే చింతను లేపడం మొదలుపెడతాయి. దాన్ని ఒక్క కుర్చీకి కట్టేస్తే తక్కిన ఇల్లు ఖాళీ అవుతుందన్నది ఇందులోని ఆలోచన.

సరంజామా: వాయిదా వేసిన ప్రతి చింతనూ ఒక లైనుగా రాసుకోవడానికి చేతిసంచిలో పట్టే చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, మేడమీద ప్లాస్టిక్ కుర్చీ, అలారం గడియారం. ఫోను కింద వదిలేయాలి. వేళ సాయంత్రం ఆరున్నర. పుస్తకం వెనక అట్ట మీద సైకాలజిస్టు 14416 అని రాసి ఇచ్చారు. అది మానసిక సహాయం కోసం ఫోను చేసే టెలీమానస్ నంబరు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదు అనిపించినా, తిండీ పనీ సాగని స్థితి వచ్చినా పుస్తకంతో కుస్తీ పట్టకుండా వెంటనే ఫోను చేయాలని ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పారు.

జూన్ 9. మొదటి రోజు

మధ్యాహ్నం భోజనాల వేళకే పద్నాలుగు లైన్లు రాశాను. వాటిలో కొన్ని:

బియ్యం వ్యాపారి బిల్లులు ఇంకా రాలేదు.
అమ్మాయి పొద్దున టిఫిన్ తినలేదు.
అత్తయ్య బాత్రూంలో జారితే?
ఫోనులో అన్నయ్య గొంతు అదోలా ఉంది.
అమ్మాయి గది.

చివరి లైను ఎందుకు రాశానో నాకే తెలియలేదు. పొద్దున ఆ గది ముందు నుంచి వెళుతుంటే ఏదో కలుక్కుమంది, రాసేశాను.

సాయంత్రం ఆఫీసులో ఆలస్యమైంది. కుర్చీ ఎక్కలేదు.

జూన్ 11

ఈ రోజు అమ్మకాల రిటర్నుకు ఆఖరి తేదీ. నెలలో 11, 20 తేదీలు మా ఆఫీసులో అందరికీ గుండెల మీద కుంపట్లే. పద్ధతి పూర్తిగా బెడిసికొట్టింది. ఆలోచన రాగానే "పో, సాయంత్రం దాకా రాకు" అని తరిమాను. తరిమిన ప్రతిసారీ ఇంకా బలంగా వచ్చింది.

మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ మనందరం విన్నదే. తాగబోయిన ప్రతిసారీ కోతే గుర్తొచ్చింది పాపం ఆ రోగికి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ కథను దాదాపుగా ప్రయోగశాలలోకి తెచ్చాడు. ఆయనది కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. ఐదు నిమిషాలు దాన్ని తలచుకోకుండా ఉండండి, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇక తలచుకోవచ్చని చెబితే, మొదటి నుంచీ తలచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మనసులోంచి ఒకదాన్ని బయట పెట్టాలంటే అది వచ్చిందా లేదా అని కాపలా కాయాలి. ఆ కాపలాయే దాన్ని మళ్లీ లోపలికి పిలుస్తుంది.

నా తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. గుమ్మంలో నిలబడినవాళ్లను పొమ్మనడం వేరు, కూర్చోండి వస్తాను అనడం వేరు. రేపటి నుంచి ప్రతి లైను చివర "సాయంత్రం చూస్తాను" అని కూడా రాస్తాను.

జూన్ 14

మొదటిసారి అరగంట పూర్తిగా కూర్చున్నాను.

కుర్చీ పక్కన నిమ్మమొక్క కుండీ. వర్షం వచ్చేలా ఉంది, గాలి లేదు. అలారం పెట్టి పుస్తకం తెరిచాను. పొద్దున 9:40కి రాసిన లైను: "బ్యాంకు నుంచి మెసేజ్, అప్పు కిస్తీ పెరిగిందేమో." పొద్దున ఇది రాస్తున్నప్పుడు చేతులు చల్లబడ్డాయి, బాగా గుర్తుంది. ఇప్పుడు అదే లైనును వేలితో తడుముతూ చింతించడానికి ప్రయత్నించాను. కిస్తీ పెరిగింది అనుకుందాం. ఎంత పెరుగుతుంది? ఐదారు వందలు. అప్పుడు? కట్టాలి. ఇంకా? ఇంకేమీ లేదు. ఆలోచన ముందుకు నడవలేదు. పన్నెండు నిమిషాల్లో ఏడు లైన్లు అయిపోయాయి. మిగిలిన పద్దెనిమిది నిమిషాలు ఏం చేయాలో పాలుపోలేదు.

ఏడాదిగా నా రాత్రులను తినేసిన ఆలోచనలు ఎదురుగా కూర్చుని రమ్మంటే రావడం లేదు. నాకు ఏడుపు వచ్చింది. బాధతో కాదు, ఎందుకో నాకూ తెలియదు. కళ్లు తుడుచుకుని, అలారం మోగేదాకా నిమ్మాకులు లెక్కపెట్టాను.

జూన్ 17

అత్తయ్యకు ఈ ఏర్పాటు నచ్చలేదు. నిన్న మెట్ల దగ్గర ఆపి అడిగారు.

"సందెవేళ పైకి వెళ్లి ఏం చేస్తున్నావమ్మా రోజూ?"

దాచడం ఎందుకని చెప్పాను. కష్టాలన్నీ రాసుకుని ఆ వేళకు తలచుకుంటున్నానని, నిద్రకు మంచిదన్నారని.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తలచుకో, వద్దనను. దీపం పెట్టే వేళకు మాత్రం వద్దు. ఆ వేళకు ఇంట్లో ఎవరూ దిగులుగా కూర్చోకూడదు. దీపం పెట్టాక వెళ్లు" అన్నారు.

మొదట విసుగు వచ్చింది. రాత్రి పడుకున్నాక ఆవిడ మాట గురించి ఆలోచించాను. ఆవిడ అంటున్నదీ బోర్కొవెక్ అన్నదీ దగ్గరదగ్గర మాటలే. ఇంటిలో కొన్ని వేళలకు, కొన్ని చోట్లకు చింత తగలకూడదు. పడుకునే ముందుకు మాత్రం జరపకూడదని సైకాలజిస్టు చెప్పి ఉన్నారు. అందుకని వేళ ఏడుంబావుకు మార్చాను. ఇప్పుడు దీపం పెట్టడం అయ్యాక పుస్తకం తీసుకుని మెట్లు ఎక్కుతున్నాను. విచిత్రంగా ఇది ఇంకా బాగా కుదిరింది. అగ్గిపుల్ల గీయడం, వత్తి ఎగదోయడం, ఆ తర్వాత మెట్లు. మనసు దానంతట అదే సిద్ధపడుతోంది.

జూన్ 22. రెండు వారాలు

అంకె 12. పెద్ద తేడా లేదు. మొన్న 20న నెలవారీ పన్ను రిటర్ను దాఖలు చేసే రోజు, ఆ వారం మొత్తం వరదే.

ఒక పని మాత్రం చేశాను. ఇప్పటిదాకా రాసిన 131 లైన్లను రెండు రంగులతో గుర్తుపెట్టాను. నేను చేయగల పని ఉన్నవాటికి ఆకుపచ్చ, లేనివాటికి ఎరుపు. ఆకుపచ్చ 49 వచ్చాయి. వాటికి చింత అవసరం లేదు, తేదీ వేసుకుంటే చాలు. బాత్రూంలో అత్తయ్య జారుతారేమోనని తొమ్మిదిసార్లు రాశాను. పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించాలన్న ఆలోచన తొమ్మిదిసార్లలో ఒక్కసారీ రాలేదు. ఈ రోజు ఆదివారం కదా అని ఊరుకోకుండా మావారిని పంపి తెప్పించి బిగించాం. ఇక ఆ లైను రాయాల్సిన పని లేదు.

జూన్ 28. రాత్రుల సంగతి

పగలు కొంచెం నయం. మూడు గంటల మెలకువ మాత్రం అలాగే ఉంది.

నిద్ర గురించి 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన సూత్రాలను ఇప్పటికీ వైద్యంలో వాడుతున్నారు. మంచం నిద్రకే. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లాలి, మళ్లీ కళ్లు మూతపడుతుంటేనే రావాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగలు కునుకు తీయకూడదు.

ఇది చాలా కష్టమైన పని, ముందే చెబుతున్నాను. మొదటి నాలుగు రోజులు మునుపటి కంటే తక్కువ నిద్రపోయాను. ఆఫీసులో ఒక కూడిక మూడుసార్లు తప్పాను. హాల్లో చాప వేసుకుని, చిన్న లైటు పెట్టుకుని, పాత బట్టలకు గుండీలు కుట్టాను. ఫోను తాకలేదు. గడియారాన్ని గోడవైపు తిప్పాను, ఎందుకంటే టైము చూడగానే "ఇంకా రెండున్నర గంటలే ఉంది" అనే లెక్క మొదలవుతుంది. లెక్కలు నా వృత్తి కదా, మనసు వెంటనే దిగిపోతుంది.

ఐదున్నర టీ కూడా మానేశాను. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే పదిన్నరకు పడుకునేటప్పుడు సగం కప్పు టీ ఇంకా ఒంట్లో తిరుగుతూనే ఉందన్నమాట.

దీనికి తోడు పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు మర్నాటి పనులు రాస్తున్నాను. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది మీద చూసింది. అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే చేయాల్సిన పనులు రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. వివరంగా రాసినకొద్దీ త్వరగా పట్టింది. "ఆఫీసు పని" అని రాస్తే లాభం లేదు. "పది గంటలకు సిమెంటు వ్యాపారికి ఫోను, మే నెల బిల్లులు" అని రాయాలి.

జూలై 5. మాటలు

ఈ వారం నాకు అన్నిటికంటే ఉపయోగపడినదాని గురించి కాస్త తీరిగ్గా రాస్తాను.

2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఆ ముఖంలో ఉన్నది ఏ భావమో మాటతో గుర్తించమన్నప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నెమ్మదించింది. ఆ ముఖానికి ఒక మనిషి పేరు ఎంచమన్నప్పుడు అంతగా నెమ్మదించలేదు. భావానికి పేరు పెట్టడంలోనే కొంత మందు ఉంది.

సైకాలజిస్టు నా పుస్తకం తిరగేసి అడిగారు, "ప్రతి లైను పక్కనా టెన్షన్ అనే రాశారు. అన్నీ ఒకటేనా?"

ఇంటికి వచ్చి మన మాటలన్నీ ఒక కాగితం మీద రాశాను. కంగారు, గాభరా, గుబులు, ఆదుర్దా, చింత, దిగులు, బెంగ, కలత, జంకు, చిరాకు. ఒక్కోదాన్ని ఒంట్లో ఎక్కడ ఉంటుందో వెతుక్కున్నాను. కంగారు చేతుల్లో, కాళ్లలో ఉంటుంది. గిన్నెలు జారతాయి, తాళంచెవి చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాం. గాభరా హఠాత్తుగా మీద పడుతుంది, ఊపిరి అందదు. గుబులు కడుపులో ఉంటుంది, జరగబోయేది ఒకటి ఎదురుగా ఉంటుంది. ఆదుర్దాలో ఆశ కలిసి ఉంటుంది. ఫలితాల రోజు పిల్లలకు ఉండేది అదే. చింత తలలో తిరుగుతుంది, గానుగెద్దులా. దిగులుకు బరువు ఉంటుంది, అది పడితే కూర్చున్న చోటి నుంచి లేవబుద్ధి కాదు. జంకు నలుగురి ముందే వస్తుంది. వీటన్నిటినీ ఒక్క టెన్షన్ అనే సంచిలో వేసి మూతి కట్టాను ఇన్నాళ్లూ.

మందు కూడా ఒక్కోదానికి ఒక్కోటి. కంగారు పడుతున్నప్పుడు కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే అది ఇంకా పెరుగుతుంది. చేస్తున్న పనిని సగం వేగంతో చేయాలి. గుబులుకు ఆ పని ఒకసారి చేసేయడమే విరుగుడు. దిగులుకు మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందే లేచి కదలాలి. ఉత్సాహం వచ్చాక పని చేద్దామనుకుంటే ఆ ఉత్సాహం రాదు, పని చేయగా చేయగా కొంచెం వస్తుంది. కుంగుబాటుకు ఇచ్చే చికిత్సల్లో ఇదొక ముఖ్యమైన పద్ధతి. చింతకు ఒక్కదానికే మేడమీది కుర్చీ.

వారం రోజుల లైన్లకు సరైన మాటలు వేసుకుంటూ వచ్చాను. "అమ్మాయి గది" అనేది మూడోసారి వచ్చింది. దానికి ఏ మాటా కుదరలేదు. ఖాళీగా వదిలేశాను.

జూలై 6

అంకె 8. మొదటి హెచ్చరిక ఉపసంహరించారు అని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

జూలై 10. ఎరుక

పగలు చింతను వాయిదా వేశాక మనసును ఎక్కడికి తిప్పాలన్నది నాకు మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది. దానికోసం రోజూ పది నిమిషాలు ధ్యాసను నిలిపే సాధన మొదలుపెట్టాను. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్యకళాశాలలో తీరని నొప్పులతో ఉన్న రోగులకు శిక్షణగా మలిచినది ఇదే. దాని మూలం బౌద్ధంలోని "సతి" అనే పాలీ మాట. సంస్కృతంలో స్మృతి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల నీడలో మన నేల మీద కొన్ని వందల ఏళ్లు సాధన చేసినదే ఇప్పుడు తిరిగి ఆసుపత్రుల దారిలో మన ఇంటికి వస్తోంది. దానికి మనకు ఎరుక అని చక్కని మాట ఉంది. నేను ఆ మాటే వాడతాను.

మొదటి మూడు రోజులు ఊపిరి మీద ధ్యాస పెట్టాను. పెట్టగానే దడ పెరిగింది. ఊపిరి సరిగా తీస్తున్నానా లేదా అని పరీక్షించడం మొదలైంది. నాకు చేతకావడం లేదనుకుని వదిలేయబోయాను. సైకాలజిస్టు చెప్పింది వేరు: ఛాతీ దగ్గర భయం ఉన్నవాళ్లకు ఊపిరి మంచి చోటు కాకపోవచ్చు, పాదాలకు మార్చండి, లేదా చప్పుళ్లకు. పాత గాయాలు లోపల ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటే అవి పైకి రావచ్చు, అలాంటివారు తోడు లేకుండా చేయకూడదు. ఇది అందరికీ, అన్ని వేళలా మంచిదే అని చెప్పేవాళ్లను నమ్మవద్దు.

నేను చప్పుడును పట్టుకున్నాను. పొద్దున తాలింపు నా సాధన. నూనె కాగేదాకా నిలబడతాను. మొదటి ఆవగింజ ఒక్కటే చిటుక్కుమంటుంది. కాస్త ఆగి రెండోది. తర్వాత లెక్కకు అందకుండా అన్నీ. జీలకర్ర పడగానే చప్పుడు మారుతుంది, మెత్తబడుతుంది. ఎండుమిర్చికి వాసన ముందు వస్తుంది. కరివేపాకు తడి తగలగానే ఒక్కసారి చర్రుమని అరిచి ఊరుకుంటుంది. రెండు నిమిషాలైనా పట్టని ఈ పనిలో నా మనసు మొదటి రోజు ఆరుసార్లు ఆఫీసుకు వెళ్లివచ్చింది. వెళ్లిందని తెలిసిన క్షణంలో తిరిగి మూకుడు దగ్గరికి తెచ్చుకోవడమే సాధన, వెళ్లకుండా ఆపడం ఇందులో లేదు. ఆరుసార్లు వెళితే ఆరుసార్లు తిరిగివచ్చినట్టు. ఇది అర్థమయ్యాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

దడ వచ్చినప్పుడు మాత్రం ఊపిరి పనికొస్తోంది, వేరే తీరులో. నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి చేసే పని అది. వదలడం పొడిగిస్తే ఆ తగ్గుదల ఎక్కువసేపు దొరుకుతుంది. నిమిషానికి ఆరుసార్ల దగ్గర నిలకడగా చేస్తే రెండు మూడు నిమిషాల్లో చేతులు వెచ్చబడటం నాకు తెలుస్తోంది.

జూలై 20

అంకె 14. మొదలుపెట్టిన రోజు కంటే ఎక్కువ.

ఏం జరిగిందో దాచకుండా రాస్తాను. వారం క్రితం అమ్మాయికి విశాఖపట్నంలో సీటు వచ్చింది. అందరం సంతోషించాం. ఆ రాత్రి నుంచే అన్నీ గతి తప్పాయి. పుస్తకంలో రోజుకు నలభై లైన్లు దాటాయి. హాస్టల్లో నీళ్లు ఎలా ఉంటాయి, తాళం సరిగా పడుతుందా, జ్వరం వస్తే ఎవరు చూస్తారు. రాయడమే చింతగా మారింది. రాసిందాన్ని మళ్లీ చదివి ఏదైనా వదిలేశానా అని వెతుకుతున్నాను.

ఇంకొకటి. అమ్మాయిని రోజుకు పదిసార్లు "నీకు భయంగా లేదు కదా?" అని అడుగుతున్నాను. లేదమ్మా అంటుంది. ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. మళ్లీ అడగబుద్ధి అవుతుంది. మొన్న అది ఓపిక పట్టలేక, "అమ్మా, ఇప్పటిదాకా లేదు. నువ్వు ఇన్నిసార్లు అడుగుతుంటే వస్తోంది" అంది.

హామీ అడిగి తీసుకున్న ధైర్యం ఎందుకు నిలవదో సైకాలజిస్టు వివరించారు. ప్రతిసారీ హామీ తీసుకుంటే, హామీ లేకుండా ఆ ఐదు నిమిషాలు గడపగలమని మనసుకు ఎప్పటికీ తెలియదు. అడగకుండా ఆగితే మొదట పెరుగుతుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. తగ్గడం కళ్లారా చూడాలి. రెండు మార్పులు చేశాను. పుస్తకంలో లైనుకు ఆరు మాటలకు మించకూడదు, వేళ వచ్చేదాకా వెనక్కి చదవకూడదు. అమ్మాయిని భయం గురించి అడగకూడదు. అడగాలనిపించినప్పుడు టైము రాసుకోవాలి, తగ్గాక మళ్లీ టైము రాసుకోవాలి.

మొదటి రోజు 35 నిమిషాలు పట్టింది. మూడో రోజుకు 12.

జూలై 25

గోదావరి ఎర్రగా మారింది. సాయంత్రం ఘాటు దగ్గర జనం మెట్లు మునగడం చూస్తూ నిలబడ్డారు. నేనూ అమ్మాయీ కాసేపు చూశాం. హాస్టలుకు కావాల్సినవి కొని ఇంటికి వచ్చాక అది తన గదిలో సూట్‌కేసు తెరిచింది. బట్టలు మడుస్తుంటే బీరువాలో ఒక అర ఖాళీ అయింది. నేను ఆ ఖాళీ అరనే చూస్తూ నిలబడిపోయాను.

ఏడుంబావుకు పైకి వెళ్లి పుస్తకంలో "అమ్మాయి గది" అని ఉన్న లైన్లన్నీ వెతికాను. పదకొండు. అన్నిటి పక్కనా ఖాళీ. ఒక్కొక్కదాని పక్కన బెంగ అని రాసుకుంటూ వచ్చాను.

చింత అయితే ముందు ఏం జరుగుతుందో అని తిరుగుతుంది. ఇది అలా తిరగడం లేదు. ఒక మనిషి లేని చోటు వైపు లాగుతోంది. చిన్నప్పుడు అమ్మ ఊరెళితే బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకునేదాన్నని చెప్పేవారు. నలభై మూడేళ్లకు, మనిషి ఇంకా ఇంట్లోనే ఉండగా, ముందుగానే బెంగ పెట్టుకున్నాను. జూన్‌లో మొదటి రోజునే రాసిన లైను అది. దాన్ని హాస్టలు నీళ్లు, హాస్టలు తాళం అని వేరే పేర్లతో పిలుస్తూ వచ్చాను. ఈ కుర్చీ దానికి పనిచేయదు. చేయగల పనీ లేదు, తేల్చుకోవాల్సినదీ లేదు. బెంగ తగ్గాలంటే మనిషి కావాలి.

కిందికి వచ్చి అమ్మాయి పక్కన కూర్చుని బట్టలు మడిచాను. "నువ్వు వెళ్లిపోతే నాకు బెంగగా ఉంటుందే" అన్నాను. "నాకు కూడా అమ్మా" అంది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, హాస్టలు గురించి ఒక్క మాటా లేదు. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది, చాప దాకా వెళ్లకుండానే మళ్లీ నిద్ర పట్టింది.

ఆగస్టు 3. ఎనిమిది వారాలు

అంకె 7. రోజుకు లైన్లు సగటున ఐదు. తెల్లవారుజామున మెలకువ వారానికి రెండుసార్లు. 11, 20 తేదీల వారాల్లో పెరుగుతుంది, అది ఉంటుంది. సైకాలజిస్టు నెలకోసారి రమ్మన్నారు. కుర్చీ వేళను అరగంట నుంచి పదిహేను నిమిషాలకు తగ్గించాను. తాలింపు సాధన రోజూ సాగుతోంది. ఊపిరి మీద ధ్యాస ఇప్పటికీ నాకు పడలేదు, వదిలేశాను.

నిన్న పొద్దున అమ్మాయిని రైలెక్కించాం. సాయంత్రం అత్తయ్య దీపం పెట్టారు. నేను అలవాటుగా పుస్తకం తీసుకుని మెట్లవైపు వెళ్లాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు.

"మోకాళ్లు నొప్పి పెడతాయి కదా అత్తయ్యా, ఎందుకు?"

"కింద ఇల్లు బోసిగా ఉంది" అన్నారు.

చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి, నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. అలారం పెట్టలేదు. అమ్మాయి మూడేళ్ల వయసులో పుష్కరాల రేవులో నీళ్లు చూసి, ఇన్ని నీళ్లు ఎవరు పోశారని అడిగిన సంగతి ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. అది నాకు తెలిసిన కథే. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను.